రాగుల పాతర

కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన ఏడాది, కురబలకోట పక్కన ఆ ఊళ్ళో రేషన్ కార్డు రాయించుకోని మొండిఘటం ఒక్కడే, రెడ్డెప్ప. కరెంటూ వద్దన్నాడు. దీపానికి సొంత ఆముదం, కడుపుకు సొంత రాగులు. ఉప్పుకూ బట్టకూ తప్ప మదనపల్లె ముఖం చూడడు. "ఒకురి కాడ చెయ్యి సాపే పని లేదు మనకు" అని మీసం దువ్వుకునేవాడు. చెప్పడానికేం, బాగానే ఉంటుంది. ఊరికి మైలు దూరంలో, గుట్ట కింద కొట్టంలో ఆ మొండితనంతో కాపురం చేసేది మాత్రం అతని పెళ్ళాం తులసమ్మ.

ఆ సాయంత్రం ఇంట్లో పిండి అయిపోయింది. పాతర తెరవాలి. పాతరంటే గింజలు నిలవ చేసుకునే, భూమిలో మనిషిన్నర లోతు గొయ్యి. మనిషి దూరేంత మూతి, దానిమీద బండ. మూసిన పాతరలో గాలి చెడిపోతుంది. తెరిచి ఒక పూట వదిలేయాలి. తర్వాత దీపం దించి, అది ఆరకపోతేనే మనిషి దిగాలి. దిగేవాడి చంకల కింద తాడు కట్టి పైన నలుగురు పట్టుకోవాలి. ఇప్పుడు ఆ నలుగురేరీ? ఊరంతా పాతరలు పూడ్చేసి టమేటా వేసుకుంది.

బండ తీసేసరికి గుట్ట మీద మబ్బు కమ్మింది. రెడ్డెప్ప గబగబా దీపం దించాడు. సగం దూరంలోనే ఆరిపోయింది.

"గాలికి ఆరిందిలే మే."

తులసమ్మ లోపలికి తొంగిచూసింది. వానగాలి పైన కొడుతోంది సరే, పాతర లోపలికి గాలెక్కడిది?

"దిగొద్దయ్యా. ఈ పూట పస్తుందాం. మూసేయ్."

"ఊపిరి బిగబట్టి ఒక గంప తోడుకోనొస్తా. తాడు పట్టుకో నువ్వు."

వింటేనా! చంకల కింద తాడు బిగించుకుని దిగాడు. రాగులు గంపలో పడిన చప్పుడు ఒక్కసారి వినబడింది. ఆ తర్వాత ఏమీ లేదు.

"యో" అని పిలిచింది. పలకలేదు. తాడు బరువెక్కింది. కొట్టం రాతికంబానికి ఒక చుట్టు తిప్పి, మడమలు తన్నిపెట్టి లాగింది. రెడ్డెప్ప బక్కమనిషే, అయినా తల మూతి దాకా వచ్చి ఆగిపోయాడు. ఇంక ఒక్క జానెడు కూడా రాలేదు. కంబానికి ముడి వేద్దామని ఒక చెయ్యి తీస్తే తాడు జారుతోంది. అప్పుడే వాన దిగింది. అరిచింది. బి.కొత్తకోట బస్సు దూరంగా హారన్ కొట్టుకుంటూ పోయింది. అరచేతులు చీరుకుపోయి తాడు ఎర్రబడింది. కంబం దగ్గర నుంచి ఆమెకు అతని జుట్టు మాత్రమే కనిపిస్తోంది. ఊపిరుందో లేదో చూడాలంటే తాడు వదలాలి, వదిలితే లోపలికి పోతాడు. తను పీనుగను పట్టుకుని వేలాడుతోందా? అయినా వదల్లేదు. ఎంతసేపైందో ఆమెకే తెలియదు.

మేకల బేరానికి గుట్ట దాటొస్తున్న ఘని ఆ అరుపులు విని పరిగెత్తుకొచ్చాడు. "వదలొద్దమ్మా, నేనుండాను" అంటూ రెడ్డెప్ప చంకల్లో చేతులు వేసి పైకి ఈడ్చాడు. బోర్లా పడేసి వీపు రుద్దాడు. చాలాసేపటికి రెడ్డెప్ప దగ్గాడు. తులసమ్మ బురదలో కూలబడి ఏడ్చేసింది.

ఘని బండ జరపబోయి, లోపలికి తొంగిచూసి ఆగిపోయాడు. వాననీళ్ళు కాలువ కట్టి పాతరలోకి పోతున్నాయి.

రెడ్డెప్ప కళ్ళు తెరిచాడు. "మూత ఏసినావా మే?"

"మూత ఎయ్యాలంటే తాడు ఇడిసిపెట్టాల" అంది తులసమ్మ. "ఈడ ఉండేది నేనొక్కదాన్నే కదయ్యా."