కప్పల తొట్టికి అద్దం మూత

1987 జులై 14, మంగళవారం. పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది గాని ఒక్క చినుకు పడలేదు. గాలి బొత్తిగా లేదు. తీగ మీద వేసిన తువ్వాలు కదలలేదు, ఆరనూ లేదు. అద్దాలాయన రోజూలాగే ఆరున్నరకి లేచి, మొహం కడుక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, మేడ మీది తన గదిలో కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఆ కిటికీ అద్దంలో అరచెయ్యంత కన్నం ఉంది. ఊళ్ళో సగం కిటికీలకు అద్దాలు బిగించిన మనిషి, తన కిటికీని మాత్రం పదకొండేళ్ళుగా అలాగే వదిలేశాడు. అక్క అడిగినప్పుడల్లా "రేపు చూద్దాంలే" అనేవాడు.

అద్దం సంగతి చెప్పాలంటే చాలా ఉంది. కోసేటప్పుడు చెయ్యి ఒకే బలంతో, ఒకే ఊపున పోవాలి. మధ్యలో ఆగి ఆలోచించావా, అది తనకిష్టమైన చోట పగులుతుంది. పెళ్ళి విషయంలో అలా మధ్యలో ఆగి ఆలోచించబట్టే తమ్ముడు ఒంటరిగా మిగిలాడని అక్క అనేది. సరే, అది వేరే కథ.

కింది వాటాలో అక్క, ఆవిడ కూతురు ఉండేవారు. పై వాటా ఆయనది. చిన్న తమ్ముడొకడు తన వాటా ఏనాడో అమ్ముకుని వీధి చివర ఉంటున్నాడు. నెలకోసారి వచ్చి "ఆరోగ్యం ఎలా ఉందన్నయ్యా?" అని అడిగేవాడు. అడుగుతూ గోడల పొడవూ వెడల్పూ కళ్ళతో కొలిచేవాడు. అందుకే మేనకోడలు అతనికి గజంబద్ద అని పేరు పెట్టింది.

మేడ గదిలో బల్ల మీద మూడడుగుల చేపల తొట్టి ఉంది. బావ ముచ్చటపడితే అద్దాలాయనే చేసి ఇచ్చాడు. ఆ తొట్టిలో ఇవాళ జరిగింది ఇంట్లో రేపు జరిగేది. తొట్టి బల్బు మాడితే మర్నాడు ఇంట్లో కరెంటు పోయేది. చేపలు పోట్లాడుకుంటే మర్నాడు అక్కా బావా మాట్లాడుకునేవారు కాదు. కొన్ని ఇళ్ళకి గోడ చెమ్మగిలుతుంది, ఈ ఇంటికి తొట్టి ఉంది, అంతే. పదకొండేళ్ళ కిందట ఒక సోమవారం చివరి ఎర్రచేప వెల్లకిలా తేలింది. ఆ సాయంత్రం బావ గడ్డం గీసుకుని, చొక్కాలన్నీ మడిచి పెట్టుకుని, పెందలాడే పడుకున్నాడు. మంగళవారం పోయాడు.

అప్పటినుంచీ తొట్టి ఖాళీ. ఇంట్లోనూ ఏమీ జరగలేదు. అక్క ఆయాసం పెరగలేదు, తగ్గలేదు. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే మేనకోడలి ప్రమోషన్ కాగితం ఏ బల్ల మీదో ఆగిపోయింది. సంబంధాలు వీధి మలుపు దాకా వచ్చి దారి తప్పేవి. ఆ పిల్లకి ముప్ఫై నాలుగేళ్ళొచ్చాయి.

"ఒరే, ఆ తొట్టిలో ఏదో ఒక ప్రాణిని పెట్టు," అంది అక్క ఆ మంగళవారం.

"కింది మూల కారుతోందక్కా. చేపలు పనికిరావు."

"నీళ్ళు అక్కర్లేనివి పెట్టు. నేను పోయేలోగా నా పిల్ల గడప దాటాలి."

నర్సరీ ఆవిడ పూలకుండీలకు అతుక్కున్న చెట్టుకప్పలు మూడు ఇస్తానంది. అద్దాలాయన దుకాణం మూసి పనిలోకి దిగాడు. అద్దాలని అతికించిన పాత సిలికాన్ జిగురుని బ్లేడుతో గీకాడు. నీటి మరకలు నిమ్మచెక్కతో తోమాడు. అడుగున గులకరాళ్ళు, వాటిమీద బొగ్గుముక్కలు, పైన కొబ్బరిపీచు కలిపిన మట్టి పరిచాడు. నాచు తెచ్చి అతికించాడు, జామకొమ్మ ఒకటి ఏటవాలుగా నిలబెట్టాడు, మనీప్లాంటు తీగ పాకించాడు. మూతకి చెక్క చట్రం కట్టి దోమల మెష్ కొట్టాడు. "గాలాడాలండీ, అది మాత్రం మరిచిపోకండి," అని నర్సరీ ఆవిడ రెండుసార్లు చెప్పింది.

శుక్రవారం కప్పలు దిగాయి. అన్నిటికంటే పెద్దది ఆకుచాటున చేరి గొంతు నెమ్మదిగా ఆడిస్తూ కూర్చుంది. చిన్నది తిన్నగా కొమ్మెక్కి, మెష్‌కి మూతి ఆనించి బయటికి చూడసాగింది. మూడోది తొట్టంతా తిరుగుతూ ఒకటే అరుపు.

"అరిచేది మగదేనట మామయ్యా," అంది మేనకోడలు. "ఇంక ఎవరు ఎవరో అడగక్కర్లేదు."

"నేనంత వాగుతానా?"

"ఇప్పుడు కాస్త తగ్గింది నాయనా, నువ్వొచ్చాక," అంది అక్క కప్పతో.

ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా కాలమైంది.

శనివారం పోస్టుమాన్ వచ్చాడు. ప్రమోషన్ మీద పక్క జిల్లాకి బదిలీ, బుధవారం చేరాలి. చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. మేనకోడలు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, పెట్టె దించి దుమ్ము దులిపింది. మంగళవారం పొద్దున ఆరు గంటల బస్సుకి టిక్కెట్టు కొనుక్కుంది.

ఆదివారం అద్దాలాయన తొట్టి ముందు చాలాసేపు కూర్చున్నాడు. చిన్న కప్ప మెష్‌ని వదలడం లేదు. పిల్ల వెళ్ళిపోతే ఈ ఇంట్లో అక్క దగ్గు, తన వాగుడు తప్ప ఇంకేం మిగులుతుంది? నలభై ఏళ్ళ పనిలో సందు అంటే ఆయనకి కారిపోవడమే. ఇంకేదో కూడా కావచ్చని ఎప్పుడూ తోచలేదు. మెష్ చట్రం పక్కన పెట్టాడు. నాలుగు మిల్లీమీటర్ల అద్దం కొలిచి కోసి, తొట్టి మీద మూతలా పెట్టి, చుట్టూ సిలికాన్ పట్టించి వేలితో నున్నగా రాశాడు. పనితనం చూసి మనసులోనే మెచ్చుకున్నాడు కూడా.

సోమవారం మధ్యాహ్నమైనా ఇల్లు తెల్లవారలేదన్నట్టే ఉంది. కిటికీలన్నిటికీ లోపలివైపు ఆవిరి పట్టింది. ఇల్లంతా సిలికాన్ ఆరేటప్పటి పుల్లటి వాసన. వీధి తలుపు గడియ తీసినా రాలేదు, పెరటి తలుపూ, కిటికీలూ అంతే, కొట్టినా అద్దం పగల్లేదు. అక్క మంచం మీద కూర్చుని రెండు చేతులూ ఆనించి ఎగశ్వాస తీస్తోంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

మేనకోడలు మేడమెట్ల కింద నిలబడింది. "మామయ్యా, తొట్టికేం చేశావు?"

"మూత మార్చానమ్మాయ్."

ఆమె తిట్టి ఉంటే ఆయనకి తేలికగా ఉండేది. "అమ్మని పైకి తీసుకుపోదాం, పట్టు," అంది, అంతే.

ఇల్లంతటికీ గాలి వచ్చే చోటు ఒక్కటే మిగిలింది, ఆయన పదకొండేళ్ళుగా రేపు రేపంటూ వదిలేసిన కన్నం. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు ఆ కన్నానికి ఆనించారు. ఆవిడ నాలుగు గుక్కలు పీల్చుకుని, "నీ బద్ధకం చల్లగుండా," అంది.

కింద వీధిలో ఎవరో తలుపు బాదారు. గజంబద్ద. "అన్నయ్యా! ఏంటి, తలుపు తియ్యరు? ఆరోగ్యాలు ఎలా ఉన్నాయి?"

"బతికే ఉన్నాంరా, ఇంటికి పో!" అంది అక్క కన్నంలోంచి. ఆ ఒక్క మాటకి మళ్ళీ ఆయాసం ముంచుకొచ్చింది.

ఇప్పుడు తెరిస్తే రేపు పొద్దునకి ఇల్లు తెరుచుకుంటుంది. అంతవరకూ ఆవిడ ఆ కన్నం దగ్గర నిలవాలి. అద్దాలాయన బ్లేడు తీసుకుని మూత చుట్టూ కోశాడు. గోడ గడియారం మూడు కొట్టింది. లోపల ఆవిరి తప్ప ఏమీ కనబడలేదు. ఈసారి చెయ్యి ఎక్కడా ఆగలేదు.

మూత ఒక అంచు లేచిందో లేదో చిన్న కప్ప ఎగిరి ఆయన భుజం మీద పడింది. అక్కణ్ణుంచి కిటికీ చువ్వ మీదికి, చువ్వ మీంచి అక్క చెంప పక్కగా, కన్నంలోంచి బయటికి పోయింది. మేనకోడలు అది పోయిన వైపే చూస్తూ ఉండిపోయింది. పెద్దకప్ప ఆకు కింద పాలిపోయి పడి ఉంది. ఆయన దాని మీద నీళ్ళు చిలకరించాడు. కాసేపటికి గొంతు మెల్లగా ఆడింది.

"అమ్మ నిలబడుతుంది," అంది మేనకోడలు. అని, "మరి నీది?" అని అడిగింది.

ఆయన చేతిలో మూత ఉంది. దాని అడుగున, ఆరీ ఆరని సిలికాన్‌లో నాలుగు కాళ్ళూ ఇరుక్కుని, మూడో కప్ప ఉంది. తడి ఇంకా ఆరలేదు, కదలిక మాత్రం లేదు. ఎంతసేపటికీ అరుపు వినబడకపోవడం ఆయనకి అప్పుడు తట్టింది. మూతని మెల్లగా, పక్కనున్న పాతబట్ట మీద బోర్లించాడు.

"నాచులో దూరింది వెధవ," అన్నాడు. "నా కప్ప కదా, చెప్పిన మాట వింటుందా?"

మెష్ చట్రం మళ్ళీ బిగించాడు. సాయంత్రం గడ్డం గీసుకున్నాడు. ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు వాక్యాలు రాసి సంతకం చేశాడు. తర్వాత కిటికీ కన్నం కొలతకి ఒక ముక్క కోసి, కాసేపు చేతిలో తిప్పి చూసి, బిగించకుండా చెత్తబుట్టలో పడేశాడు. అక్క కుర్చీలోంచే ఆయన గడ్డంకేసి, మడిచిన చొక్కాలకేసి చూసింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మంగళవారం తెల్లవారుజామున ఐదింటికి వీధి తలుపు వేలితో నెడితే తెరుచుకుంది. బయట వాన వెలిసి గాలి వీస్తోంది. మేనకోడలు పెట్టె పట్టుకుని గడప మీద నిలబడి వెనక్కి తిరిగింది.

"ఒక్క రోజు ఆగి వెళ్ళనా మామయ్యా? అమ్మ ఇంకా నీరసంగా ఉంది."

"ఆగితే ఉద్యోగం పోతుంది. నడు నడు, నువ్వు బస్సెక్కేదాకా నాకు కాఫీ కూడా దిగదు."

బస్సు మలుపు తిరిగేదాకా ఆయన వీధిలోనే ఉన్నాడు. తర్వాత మేడెక్కి తొట్టి ముందు కుర్చీలో కూర్చున్నాడు. అక్క కింద నుంచి పిలిచి కబుర్లాడుతూనే ఉంది, ఆయనా జవాబులిస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం మూడు దాటాక జవాబు రాలేదు.

ఆయన రాసిపెట్టిన ఆ కాగితం ప్రకారం పై వాటా, తొట్టీ, అందులో మిగిలిన కప్పా అక్కకి వచ్చాయి. దుకాణం మూతపడింది, సామాను నర్సరీ ఆవిడకి మొక్కల అద్దాల గది కట్టుకోవడానికి వెళ్ళింది. అద్దం కోసే వజ్రపు కలం మేనకోడలికి చేరింది. ఆమె అద్దెకున్న గదిలో ఒక కిటికీ అద్దం పగిలి ఉంది. ఇంటాయన వేయిస్తానంటే వద్దంది. గజంబద్ద వచ్చి, మెట్ల మీద నిలబడి కాగితం రెండుసార్లు చదివి, గోడలకేసి చివరిసారి చూసి వెళ్ళిపోయాడు. అతనికి ఏమీ రాలేదు.