చుట్టిన తువ్వాలు

కోతిపిల్లకి పాలు పట్టడం అందరికీ చేతనయ్యే పని కాదు. తల ఎక్కువ ఎత్తితే పొలమారుతుంది, తక్కువ ఎత్తితే అలుగుతుంది. ఆ పరిశోధనశాలలో ఈ విద్య తెలిసిన ఆవిడని అందరూ పాలత్త అనేవారు.

తల్లుల దగ్గర్నుంచి వేరుచేసి తెచ్చిన ఆ పిల్లలకి పాలతోపాటు ఒక వైరస్ కూడా పట్టేవారు. అది మనుషుల హెచ్‌ఐవికి దగ్గర చుట్టం. పసి ఒంట్లో జబ్బుని ఎదిరించే శక్తి ఎప్పుడు మేలుకుంటుందో, ఎలా పోరాడుతుందో చూడటం డాక్టరమ్మ పని. తల్లి కోసం కీచుమనే పిల్లకి, ఒక తువ్వాలుని ఉండలా గట్టిగా చుట్టి దాని కౌగిట్లో పెట్టడం పాలత్త పని.

"ఈ తువ్వాలు మీ అమ్మ కంటే నయం. మెత్తగా ఉంటుంది, తిట్టదు," అంటూ రబ్బరు తొడుగు వేసుకున్న చేత్తో వీపు నిమిరేది.

ఇంత చల్లని తల్లి, ఇంట్లో సొంత మనవరాలిని ఒక్కసారైనా ఎత్తుకోలేదు.

అల్లుడు కూతురికి ఆ హెచ్‌ఐవినే అంటించి, తను మాత్రం చల్లగా జారుకున్నాడు. కూతురు మందులు మానకుండా వేసుకుని బిడ్డని కంది. ఇప్పటిదాకా చేసిన పరీక్షల్లో పాపకి ఏమీ లేదన్నారు. ఆఖరి పరీక్ష మిగిలింది.

"అదీ కానీ. అప్పుడు ఎత్తుకుంటాను. ఎక్కడికి పోతాను?" అంది పాలత్త.

"ఆలోగా అదే నిన్ను ఎత్తుకుంటుందిలే," అంది కూతురు.

ఒకరోజు కూతురు స్నానానికి వెళ్ళగానే పాప గుక్కపట్టింది. పాలత్త చేతులు చాచింది. అంతలోనే వెనక్కి తీసుకుంది. గబగబా ఒక తువ్వాలుని ఉండలా చుట్టి ఉయ్యాల్లోకి జార్చింది. పాప దాన్ని కరుచుకుని నిద్రపోయింది.

"చూశావా నా చేతి మహిమ," అంది, కూతురు రాగానే.

"నీ చెయ్యి ఎక్కడ తగిలిందమ్మా?" కూతురు ఉయ్యాలకేసే చూస్తూ అంది. "సోమవారం నుంచి నేను పనిలోకి వెళ్ళాలి. నీకు భయమైతే చెప్పు, పగటిపూట శిశుగృహంలో అప్పగిస్తాను. అక్కడ ఎత్తుకుంటారట."



మర్నాడు పరిశోధనశాలలో అన్నిటికంటే చిన్నదాని వంతు వచ్చింది. ఒంట్లో ఏం జరిగిందో చూడాలంటే ముందు దాన్ని శాశ్వతంగా నిద్రపుచ్చాలి. సూది పడింది. ఊపిరి ఆగింది. వేళ్ళు మాత్రం తువ్వాలుని వదల్లేదు. డాక్టరమ్మ ఒక్కొక్క వేలూ విడదీస్తోంది.

"పోయాక కూడా వదలదేంటమ్మా?"

"అది పట్టుకోడానికి మనం ఇచ్చింది ఇదొక్కటే కదా, పాలత్తా."

పాలత్త ఆ వేళ్ళకేసే చూసింది. "డాక్టరమ్మా, జబ్బున్న తల్లికి పుట్టిన బిడ్డని మనం ఎత్తుకుంటే..."

"ఏమీ కాదు. ఎత్తుకుంటే రాదు, ముద్దు పెట్టుకుంటే రాదు."

"మరి మనకీ తొడుగులెందుకు?"

"కోతులు కరుస్తాయి, గీరుతాయి. వాటికుండే జబ్బులు వేరే ఉన్నాయి. నీ మనవరాలికి పళ్ళొచ్చాయా?" డాక్టరమ్మ నవ్వబోయి, చేతిలో ఉన్నదాన్ని చూసి ఆగిపోయింది. "తెలియనివి తెలుసుకోడానికి వీటి ప్రాణం తీస్తున్నాం. ఇది మాత్రం ఎప్పుడో తెలిసిన సంగతి. తెలిసినదాన్ని నమ్మడానికి ఇంకెన్ని పోవాలి?"

ఇంటికి వచ్చేసరికి పాప నిద్రపోతోంది. గుప్పిట్లో తువ్వాలు అంచు. అదే పట్టు. పాలత్త వంగి, ఒట్టి చేత్తో ఒక్కొక్క వేలూ విడదీసింది. వెచ్చగా ఉన్నాయి. చివరి వేలు వదులుతూనే పాప ఆవిడ బొటనవేలిని దొరకబుచ్చుకుంది.

"అమ్మా, ఆఖరి పరీక్ష ఇంకా కాలేదు," అంది కూతురు గుమ్మంలోంచి.

"కానీ, కాకపోనీ. ఇది నా కూతురికి పుట్టిందిగానీ తువ్వాలుకి పుట్టలేదు," అంటూ పాపని భుజాన వేసుకుంది.

సోమవారం కూతురు పనిలోకి వెళ్ళింది. పాలత్త పరిశోధనశాలకి వెళ్ళలేదు, మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు. కానీ పాప వేలు పట్టుకున్నప్పుడల్లా, ఇంకో చిన్న చెయ్యి కూడా పట్టుకున్నట్టే ఉంటుంది ఆవిడకి.

మన ఇళ్ళలోనూ, మన వీధుల్లోనూ ఇలా తువ్వాళ్ళు పట్టుకుని పెరిగే పిల్లలున్నారు. ఎత్తుకుంటే మనకేమీ కాదు. ఎత్తుకోకపోతేనే వాళ్ళకి అవుతుంది.