బిస్కెట్ల డబ్బాలో డాంగిల్

ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్‌లోని ఆ మారుమూల పశువుల క్షేత్రంలో సిగ్నల్ అందేది గాలిమర నెత్తిన ఒక్కచోటే. అందుకే నెట్ డాంగిల్‌ను అక్కడ కట్టి, ఇంట్లోని లాప్‌టాప్ దాకా తీగ లాగారు. ఈ పొద్దున కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాక లాప్‌టాప్‌కి డాంగిల్ కనిపించడం మానేసింది. మెరిన్‌కి ఒళ్లు మండింది. అన్నిటికీ డాంగిల్‌ని నడిపించే పాత డ్రైవర్ ప్రోగ్రాములే కారణమని తిడుతూ, ఒక్కటీ మిగలకుండా చెరిపేసింది.

అప్పుడే భర్త క్లైవ్ టీలోకని బిస్కెట్ల డబ్బా తెరిచాడు.

"ఒసేయ్, ఇదేంటే ఇందులో?"

డాంగిల్! మెరిన్‌కి అప్పుడు గుర్తొచ్చింది. నిన్న మబ్బు పట్టగానే, పిడుగు పడుతుందేమోనని, ఎప్పటిలాగే గాలిమరెక్కి దాన్ని దించి దాచింది తనే.

"అయితే పొద్దున్నుంచీ ఎవర్ని తిట్టినట్టు?"

"నోర్మూసుకుని ఇటివ్వు!"

లాక్కుని లాప్‌టాప్‌కే గుచ్చింది. తెర మీద అక్షరాలు వెలిగాయి.

"డ్రైవర్ లేదు. డౌన్‌లోడ్ చేసుకోవడానికి ఇంటర్నెట్‌కు కనెక్ట్ అవ్వండి."