మీగడ గిన్నె

కాచి చల్లార్చిన పాల మీద మందంగా కట్టిన మీగడని శాంభవి గరిటె అంచుతో ఒక పక్క నుంచి మెల్లగా దగ్గరికి జరిపి, చిరగకుండా ఎత్తి, చిన్న స్టీలు గిన్నెలో వేసింది. ఆ మీగడ వెన్నకీ నెయ్యికీ కాదు. నాలుగేళ్ల వేదశ్రీ ముఖానికి. రోజూ సాయంత్రం స్నానమయ్యాక నానమ్మ రమాసుందరి గారు మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ గిన్నెలోంచి కాస్త వేలితో తీసి బుగ్గలకీ నుదుటికీ మెడకీ మర్దనా చేస్తారు. తెల్లారేదాకా కడగనివ్వరు. ఫ్రిజ్‌లో పై అరలో, వెన్న డబ్బా వెనక ఆ గిన్నె ఉంటుంది. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. మీగడ తీసి అందులో వేసి మూత పెట్టడం వరకే శాంభవి పని.

పటమటలోని ఆ ఫ్లాట్‌లో పనులన్నీ అలాగే నడుస్తాయి. పిండి రుబ్బేది శాంభవి. ఇడ్లీలు దూదిలా వస్తే ఆ పేరు అత్తగారి కొలతలది. కంకిపాడు అవతల పల్లెటూరి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, "మా అమ్మాయికి మాటలు రావుగానీ పనులన్నీ వచ్చండీ" అని రమాసుందరి గారు చుట్టాలతో అంటే అందరూ నవ్వారు. శాంభవి కూడా నవ్వింది. అది మెచ్చుకోలో కాదో తేల్చుకోవడానికి ఆమెకి చాలాకాలం పట్టింది. డిగ్రీ ఉంది కదా, బెంజి సర్కిల్ దగ్గర ఏదైనా ఆఫీసులో చేరతానంటే భర్త అఖిలేష్, "ముందు ముఖం కాస్త తేటపడనీ, పదిమందిలో కూర్చోవాల్సిన ఉద్యోగం" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆ వారమే అత్తగారు ఆమె చేతిలో చిన్న తెల్ల ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. దాని మీద ఏ కాగితమూ అంటించి లేదు. "రాత్రిళ్లు రాసుకో అమ్మాయ్. మనకి తెలిసినావిడ ఇంట్లోనే తయారుచేస్తుంది. అన్నీ మూలికలే." నెల తిరక్కుండానే శాంభవి ముఖం తెల్లబడింది. పెళ్లిళ్లలో ఆడవాళ్లు గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూశారు. తర్వాత మెల్లమెల్లగా, ఎండలోకి వెళితే కారం పూసినట్టు మంట మొదలైంది. బుగ్గల మీద ఎర్రదారాల్లా సన్నటి నరాలు తేలాయి. చెవుల ముందు నూగు పెరిగింది. రాయడం మానేసి చూస్తే ముఖమంతా పొంగి, దురద పెట్టి, పొట్టు రాలేది. మళ్లీ రాయగానే మంత్రం వేసినట్టు తగ్గేది. "చూశావా, అది లేకపోతే నీ చర్మం ఎట్లా ఉంటుందో" అనేవారు అత్తగారు, ఆపదలోంచి తనే బయటికి లాగినట్టు.

అప్పటి నుంచే శాంభవికి సీసాల వెనక చదివే అలవాటు పట్టుకుంది. సరుకుల కోసం సూపర్ మార్కెట్‌కి వెళ్లినప్పుడల్లా రెండు చేతుల్లో రెండు క్రీములు పట్టుకుని, ఫోను కెమెరాలో ఆ చీమతలకాయంత అక్షరాలని పెద్దవి చేసుకుని, ఇందులో ఉన్నదేమిటి, అందులో లేనిదేమిటి అని చూసేది. ముందు రాసినది ఎక్కువ ఉంటుందనీ, చివర రాసినది తక్కువనీ తెలుసుకుంది. కలబంద బొమ్మ పెద్దగా వేసిన సీసాలో కలబంద పేరు ఎక్కడో అడుగున, రంగుకీ వాసనకీ ముందు ఉండేది. "ఏంటి, పరీక్షలకి చదువుతున్నావా? ఏదో ఒకటి వేసి రా" అనేవాడు అఖిలేష్ ట్రాలీ మీద వేళ్లతో కొడుతూ. షెల్ఫుల్లో ఉన్నవన్నీ చదివింది. తన డబ్బా మీద మాత్రం చదవడానికి ఏమీ లేదు.

ఇవాళ మీగడ వేసి మూత పెట్టబోతూ ఆమె ఆగిపోయింది. నిన్న జెస్సికా అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

జెస్సికా ఎదురు ఫ్లాట్‌లో ఉంటుంది. ఆమె కూతురిదీ వేదశ్రీ వయసే. శాంభవి తల్లి ఏటా పెసలూ శనగలూ కస్తూరి పసుపూ కచ్చూరాలూ నారింజ తొక్కలూ డాబా మీద ఎండబెట్టి, కంకిపాడు మిల్లులో ఆడించి సున్నిపిండి పంపుతుంది. అందులో సగం శాంభవి ఎదురింటికి ఇస్తుంది. వేదశ్రీ ఈ మధ్య అంత తెల్లబడడం ఆ పిండి చలవేనని అపార్టుమెంటంతా అనుకుంటున్నారు. రమాసుందరి గారు అవుననలేదు, కాదనలేదు. శాంభవికి లోపల్లోపల గర్వంగానే ఉండేది. అమ్మ చేతి పని కదా.

నిన్న సాయంత్రం జెస్సికా ఖాళీ డబ్బా తిరిగివ్వడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అక్కా, ఏమీ అనుకోకు. ఆర్నెల్ల నుంచి మా పాపకి ఇదే రుద్దుతున్నా. ఒళ్లు నున్నగా ఉంటోంది, కాదన్ను. రంగంటావా, ప్రభువు ఇచ్చిందే. మీ పాప చూస్తే మైదాపిండిలా అయిపోయింది. నిజం చెప్పు, నాకిచ్చిన దాంట్లో ఏదో ఒకటి తగ్గించావు కదూ?"

"ఒకే సంచిలోది జెస్సీ. సగం నీకు, సగం మాకు."

"అయితే మా పిల్లదే మొండి రంగు" అని నవ్వి వెళ్లిపోయింది.

శాంభవి నవ్వలేకపోయింది. పిండి ఒకటే. పిల్లలిద్దరూ ఒకే పార్కులో, ఒకే ఎండలో ఆడుకుంటారు. మొన్న ఆడుకుని వచ్చిన వేదశ్రీ రెండు చేతులూ బుగ్గలకి అడ్డం పెట్టుకుని, "అమ్మా, మండుతోంది" అంది. "మా బంగారానికి గులాబీలు పూశాయే" అన్నారు నానమ్మ. శాంభవి దగ్గరికి తీసుకుని చూసింది. చెవి ముందు, మెత్తగా, ఇంతకుముందు లేని నూగు. చిన్నపిల్లలకి ఉంటుందిలే అనుకుంది. అలా అనుకోవడానికి ఎంత తొందరపడిందో ఇప్పుడు గుర్తొచ్చింది.

గిన్నె ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. పైన ఇప్పుడే వేసిన మీగడది పాల వాసన. చెంచాతో పక్కకి తీసింది. అడుగున ఉన్నది కొంచెం పసుపుపచ్చగా, జిగటగా ఉంది. పుల్లటి వాసన రావాలి. రాలేదు. ఆమెకి బాగా తెలిసిన వాసన వచ్చింది. గదిలోకి వెళ్లి తన తెల్ల డబ్బా మూత తీసి చూసింది. మళ్లీ వంటింట్లోకి వచ్చి గిన్నె చూసింది. రెండూ ఒకటే. రోజూ తన చేత్తో, చిరగకుండా, ఒక్క తరక కూడా వృథా కాకుండా, ఆమే అందులోకి మీగడ తీసి వేసింది.

ఆ ఇంట్లో చెత్తబుట్టలు ఖాళీ చేసేదీ శాంభవే. అత్తగారి గదిలో బుట్ట అడుగున వార్తాపత్రిక ముక్కలో చుట్టిన పొట్లం ఒకటి అప్పుడప్పుడూ కనిపించేది. పెద్దావిడ గదిలోది, విప్పి చూడడం మర్యాద కాదని ఎప్పుడూ అలాగే పారేసేది. ఇవాళ విప్పింది. తోకదాకా చుట్టి చుట్టి పిండేసిన ట్యూబు.

వాషింగ్ మెషిన్ మీద పాప ఒంటికి రాసే లోషన్ పెట్టింది. పక్కన అమ్మ పంపిన పిండి. దాని పక్కన ట్యూబు. సూపర్ మార్కెట్‌లో చూసినట్టే వరసగా చూసింది. లోషన్‌లో ముందు నీళ్లు, తర్వాత గ్లిజరిన్, తర్వాత నోరు తిరగని పేర్లు, ఆఖర్న వాసన. పిండిలో ఏముందో చదవక్కర్లేదు, ఆ తొక్కలు ఎండబెడుతుంటే కాకుల్ని తోలింది తనే. ట్యూబు మీద మూడే పేర్లు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. పక్కన నిలువునా ఎర్రగీత. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని, వాడకూడదని పెట్టెకట్టి రాసి ఉంది. మూడో పేరు ఫోనులో కొట్టింది. అది స్టెరాయిడ్. ఎక్కువకాలం ముఖానికి రాస్తే చర్మం పలచబడుతుంది, నరాలు తేలతాయి, నూగు పెరుగుతుంది, ఆపితే పొంగుతుంది. ఎవరో తనని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూస్తూ రాసినట్టుంది. కింద చిన్నపిల్లల గురించి కూడా రాసి ఉంది. వాళ్ల చర్మం పలచన కనుక మందు లోపలికి, రక్తంలోకి పోతుందట. పిల్లల ఎదుగుదలే దెబ్బతినొచ్చట.

అత్తగారి బాత్‌రూమ్ అలమరా తెరిచింది. ఒక సబ్బు, ఒక కొబ్బరినూనె సీసా. ఇంకేమీ లేవు.

రమాసుందరి గారు హాల్లో కిటికీ పక్కన కూర్చుని వేదశ్రీ గౌనుకి పూసలు కుడుతున్నారు. శనివారం స్కూలు యాన్యువల్ డే. కిందటేడు డాన్సులో పాపని వెనక వరసలో నిలబెట్టారు. ఈసారి ముందు వరసలో, మధ్యలో.

"అత్తయ్యగారూ, పాప మీగడలో ఏం కలుపుతున్నారు?"

ఆవిడ దారం లాగి ముడి వేశారు. తల ఎత్తలేదు.

"నువ్వు రాసుకునేదే. చిన్నపిల్ల కదా, మీగడలో పలచన చేశాను."

"అది మందండీ. డాక్టరు చెప్పందే వాడకూడదని దాని మీదే ఉంది."

"నాకు ఇంగ్లీషు వచ్చులే."

"మరి నాకు మూలికలన్నారు."

"మందంటే రాసుకునేదానివా?"

ఆవిడ గొంతులో కోపం లేదు. శాంభవికి అందుకే భయమేసింది.

"మీరెందుకు వాడరు?"

"నాకెందుకే?" అన్నారు రమాసుందరి గారు, నిజంగానే అర్థం కానట్టు. "నేను ఇట్లాగే పుట్టాను."

సూదిలోకి ఇంకో పూస ఎక్కించుకుని, పాఠం చెప్పేటప్పటి నిదానంతో అన్నారు. "అమ్మాయ్, నేను జీవితమంతా పిల్లలకి పాఠాలు చెప్పాను. కలెక్టరు గారొస్తే బొకే ఎవరిచేత ఇప్పిస్తారో, ఫొటోలో ఎవర్ని పక్కకి జరుపుతారో నాకు తెలుసు. నల్లపిల్లని ఏ టీచరూ ముందు నిలబెట్టదు. నేనూ నిలబెట్టలేదు. నా మనవరాలు వెనక నిలబడకూడదు. కాస్త మండితే మండుతుంది. వెళ్లి అన్నం పెట్టు, పిల్లకి ఆకలేస్తోంది."

శాంభవి వెళ్లి అన్నం పెట్టింది. ఆ సాయంత్రం పాపని స్నానమైన వెంటనే పక్కలో వేసుకుని, జ్వరంలా ఉందని చెప్పి తలుపు వేసుకుంది. అత్తగారు గిన్నె పట్టుకుని తలుపు దగ్గర కాసేపు నిలబడ్డారు. చెంచా గిన్నెకి తగులుతున్న చప్పుడు వినిపించింది. "సరే, రేపు రెండుసార్లు రాద్దాంలే" అని వెళ్లిపోయారు.

పొద్దున అఖిలేష్ టిఫిన్‌కి కూర్చున్నప్పుడు శాంభవి ట్యూబు తెచ్చి పళ్లెం పక్కన పెట్టింది.

"ఏమండీ, ఒకసారి ఇది చూడండి."

అతను చూశాడు. "చెత్తలోంచి తీశావా? చెత్త కూడా వెతుకుతున్నావన్నమాట."

"అత్తయ్యగారు ఇది పాప ముఖానికి..."

"తెలుసు. నెలనెలా తెచ్చేది నేనేగా. నీకూ, దానికీ." ఇడ్లీ తుంచి చట్నీలో ముంచాడు. "మెడికల్ షాపులో అడిగే తెస్తున్నాను. ఏం కాదన్నాడు. అయినా ఇప్పుడు ఆపితే పిల్ల ముఖం కూడా నీ ముఖంలా పొంగుతుంది. శనివారం అయిపోనీ, తర్వాత చూద్దాం. చట్నీ ఇంకాస్త వెయ్యి."

ఆమె చట్నీ వేసింది. నీ ముఖంలా, అన్నాడు. తను దుప్పటి మొహం మీదికి లాక్కుని, నాకేదో రోగమొచ్చిందని ఏడ్చిన రోజుల్లో అతను పక్కనే కూర్చుని వీపు నిమిరాడు. "నీ చర్మమే అంత, ఏం చేస్తాం" అన్నాడు. అప్పుడు కూడా అతనికి తెలుసు. ఏది రాస్తే తగ్గుతుందో, ఏది ఆపితే పొంగుతుందో తెలిసి, తీరుబడిగా నిమిరాడు.

శనివారం తర్వాత చూద్దామన్నాడు. శనివారం తర్వాత పుట్టినరోజు వస్తుంది, ఆ తర్వాత ఎవరిదో పెళ్లి, ఓణీల ఫంక్షను, పెళ్లిచూపులు. ప్రతిదానికీ ముందు వరస ఒకటి ఉంటుంది. ఒకరోజు వేదశ్రీ కూడా సీసాల వెనక చదవడం మొదలుపెడుతుంది.

ఆపితే ఏమవుతుందో శాంభవికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇద్దరి ముఖాలూ ఒకేసారి మండుతాయి. పిల్ల నిద్రపోదు, గోక్కుంటుంది. ఊళ్లో అమ్మ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. బస్సులో ఆడవాళ్లు పక్కకి జరుగుతారు. జరగనీ. ముందు ట్యూబు చూపించాలి, చర్మం డాక్టరుకి. ఎలా ఆపాలో ఆయన చెబుతాడు. తర్వాత కంకిపాడు బస్సు.

అఖిలేష్ స్నానానికి వెళ్లి గీజర్ నీళ్లు వదిలాడు. శాంభవి పాపకి ఉత్త నీళ్లతో ముఖం కడిగి, తుడవకుండా మెత్తగా అద్దింది. ఇంటి గౌనే ఉంచింది. సంచిలో రెండు జతల బట్టలు, పాప టీకాల కార్డు, ట్యూబు, తన తెల్ల డబ్బా వేసుకుంది. పూసల గౌను కిటికీ దగ్గర హ్యాంగరుకి వేలాడుతోంది, ఎండ పడి మెరుస్తోంది.

"అమ్మా, నానమ్మకి టాటా చెప్పనా?" అంది వేదశ్రీ గుసగుసగా.

శాంభవి తల అడ్డంగా ఊపింది. పాప తన బుగ్గ మీద చెయ్యి వేసుకుని, అమ్మ బుగ్గ వైపు చూసింది.

పూజ గదిలో గంట ఆగింది. "అమ్మాయ్, మీగడ తీశావా?"

ఆ ప్రశ్నకి రోజూ ఒకటే జవాబు. తీశానండీ. వంటింట్లో పాలు చల్లారుతున్నాయి. పైన మీగడ చెక్కుచెదరకుండా మందంగా కట్టుకుంటోంది. శాంభవి వాటి పక్క నుంచి నడిచి, చెప్పులు వేసుకుని, పిల్ల వేలు పట్టుకుని గుమ్మం దాటింది.

"వినపడిందా? మీగడ తీశావా అంటున్నాను."

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.