ఫోటో గుంత

కిందటి ఏడాది ఫిబ్రవరి పదకొండున పుప్పాలగూడలోని రంగనాథ్ గారింట్లో అందరూ ఉగ్గాని తిన్నారు. భార్య పోయాక ఆయన నేర్చుకున్న నాలుగు వంటల్లో అదొకటి. ఇంటిమీద అంతస్తు వేస్తున్న మేస్త్రీ ఎల్లేశానికీ ఒక పళ్లెం పెట్టారు. అతను తిని, చెయ్యి కడుక్కుని, సిమెంటు ఎన్ని బస్తాలని అడిగినంత మామూలుగా అడిగాడు.

"ఇంకుడుగుంత ఫోటోకా సార్, నీళ్లకా?"

ఇల్లు మార్చి కట్టుకునేవారు వాననీరు నేలలోకి దిగేలా గుంత తవ్వాలని అనుమతి కాగితంలో ఉంది. ఆ వీధి ఆచారం వేరు. గుంత తవ్వి, కంకర నింపి, ఫోటో తీసి మున్సిపల్ ఆఫీసుకు పంపుతారు. మర్నాడు ఆ కంకర ఎత్తి ఇంకో ఇంటికి తోలుకుపోతారు. గుంతలో పాతగోడల పెళ్లలు వేసి, పైన నాపరాళ్లు పరుస్తారు. ఎల్లేశం దగ్గరున్న కంకర అప్పటికే ఏడిళ్ల ఫోటోల్లో ఉంది.

రంగనాథ్ అనంతపురం మనిషి. ముప్పైయేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పారు. అది తప్పని తెలియక కాదు. మూడు నెలల దుమ్ముతో, చప్పుడుతో విసిగిపోయి ఉన్నారు. పైగా కొడుకు భరత్ కొత్త కారు కొన్నాడు.

"ఫోటోకే కానీలేప్పా. కారు యాడ పెట్టేది?" అన్నారు.

ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. డాబామీది నీళ్లు నాపరాళ్లమీదుగా రోడ్డెక్కి మురుగులో కలిశాయి. ఈ ఏప్రిల్‌కి వీధిలో బోర్లు వరసగా ఎండాయి. ఒక ఉదయం రంగనాథ్ ఇంట్లోనూ కుళాయి ఆగింది. ట్యాంకరు సాయంత్రానికి గాని రాదన్నారు. ఆయన బకెట్ పట్టుకుని వెనక గల్లీలో వీధి పంపు దగ్గరికి వెళ్లారు.

అక్కడ, ఆ గల్లీలోనే ఉండే ఎల్లేశం భార్య పోచమ్మ కనిపించింది. వాళ్ల బోరు లోతు తక్కువ, ఫిబ్రవరిలోనే ఎండిందట. తెల్లారకముందు నుంచి వరసలో నిలబడితే ఆమెకు దొరికినవి మూడు బిందెలు. ఆయన అడగకముందే ఒకటి బకెట్లో వంపేసింది. వద్దంటే వినలేదు.

"మా ఆయన పెద్ద మేస్త్రీ సార్. అందరిండ్లల్ల గుంతలు పూడ్చి, ఇంటికొచ్చి బిందె పట్టుకొని నిలవడ్తడు," అంది. వరసలో ఉన్న ఎల్లేశం తల దించుకుని నవ్వాడు. రంగనాథ్ నవ్వలేకపోయారు.

నాపరాళ్లు తీయించేస్తానని ఆయన ఆ రోజే కొడుకుతో చెప్పారు. భరత్ చిరాకుపడ్డాడు. పర్మిషన్ ఎప్పుడో వచ్చిందని, అందరూ పూడ్చాక తామొక్కరే తవ్వితే ఏమొస్తుందని అడిగాడు.

"మన డాబామీద పడిన వాన మనొక్కరిదే కాదు నాయనా. కింద నేలంతా ఒకటే," అన్నారు రంగనాథ్. "మనం గుంత పూడిస్తే పోచమ్మ బోరు ఎండింది. ఆఫీసులో చూపించేదానికి కాదురా ఆ నియమం పెట్టింది, పక్కింటోళ్లు దాహంతో పడుకోకుండా ఉండేదానికి."

ఎల్లేశం రెండు రోజులు తవ్వాడు. కొత్త కంకర పోశాడు. చెయ్యి నొప్పి పుడుతున్నా అడుగుదాకా తనే దిగి చదును చేశాడు.

వాన ఇంకా రాలేదు. పని ముగిసిన రాత్రి భరత్ ఎవరూ చెప్పకుండానే కారును వీధి చివర పెట్టి నడిచి వచ్చాడు. గుంత దగ్గర కాసేపు నిలబడ్డాడు. తండ్రి నిద్రపోతున్నట్టుంటే చప్పుడు కాకుండా తలుపు వేశాడు.