అసిరయ్య కుళాయి

పక్కింటి అసిరయ్య గేటు ముందు కుళాయి ఉంది. నా గేటు ముందు లేదు. ఆ కుళాయిని తెప్పించిన మాటలు మాత్రం నావే.

తెలుగునాడుకు దూరంగా, హిందీ మాట్లాడే ఈ షాదీపూర్‌లో నాది హార్డ్‌వేర్ కొట్టు. ఇక్కడి కుర్రాళ్ళకు తెలుగు మాట్లాడటమే గాని రాయడం రాదు. అందుకని ఎన్నికలొస్తే తెలుగువాళ్ళ గోడల మీద రాతపని నాకే పడుతుంది. ఈసారి మా వార్డుకు నిలబడ్డ రాబర్ట్ ఏదో ఒకటి రాసిపెట్టమన్నాడు. రెండు రోజులకోసారి నీళ్ళొచ్చే చోట ఇంకేం రాస్తాం? టీ చల్లారేలోపు ‘గడప గడపకీ కుళాయి’ అని రాసిచ్చాను. నేనూ నమ్మలేదు, ఆయనా నమ్మలేదు.

నమ్మింది అసిరయ్య ఒక్కడే. రాబర్ట్ గెలవగానే నా కొట్లోనే సిమెంటు కొని, గేటు ముందు కుళాయి గట్టు కట్టించాడు. పైపు లేదు, నీళ్ళు లేవు, గట్టు మాత్రం ఉంది. వీధంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. రాబర్ట్ స్కూటర్ కనబడితే చాలు, అసిరయ్య అడ్డం నిలబడి, గట్టు ఆరిపోయింది, కుళాయి ఎప్పుడని అడిగేవాడు. కోపం లేదు, వెటకారం లేదు. తప్పించుకోలేక చివరికి రాబర్ట్ పైపు వేయించాడు, ఆ ఒక్క ఇంటికి.

అప్పట్నుంచీ గోడవతల బిందెలో నీళ్ళు పడుతున్న చప్పుడు వింటే నా ఒళ్ళు మండిపోతోంది. ఉండబట్టలేక రాబర్ట్ దగ్గరికి వెళ్ళి, రాసిన నాకు లేదు గాని వాడికెందుకని నిలదీశాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. “అది ఉత్త మాటేనని నీకూ మాలూమే, నాకూ మాలూమే భయ్యా. ఆడికి తెలీదు. తెలీనోడికి ఏటని సెప్పను?”

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ సరోజిని నా చేతికి బిందె ఇచ్చి అసిరయ్య ఇంటికి పొమ్మంది. తల దించుకుని వెళ్ళాను. అసిరయ్య ఎదురొచ్చి, బిందె అందుకుని తనే కుళాయి కింద పెట్టాడు.

“నీ సెయ్యి సల్లగుండాల బావా. వచ్చే ఎలక్షన్‌కి రోడ్డు గురించి కూడా రాయి. నువ్వు రాస్తే జరుగుతాది.”

ఎత్తిపొడుస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. లేదు, నిజంగానే అంటున్నాడు. నీళ్ళ కంటే ఆ నమ్మకం మీదే నాకు ఎక్కువ కుళ్ళు పుట్టింది. నా మాటను నేను ఒక్కరోజు కూడా అలా నమ్మలేదు. బిందె నిండేదాకా అక్కడే నిలబడాల్సి వచ్చింది.