గుడ్లు పొదిగేదాకా

జంతుశాస్త్ర విభాగంలో ఆమెను అందరూ సీసాలక్క అనేవాళ్లు. సీసాలు కడగడం, నీళ్లు మార్చడం, చీటీలు అంటించడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. మెట్ల కింద కిటికీ లేని చల్లగది ఒకటుంది. ఎండాకాలంలోనైనా స్వెట్టరు వేసుకునే అందులోకి వెళ్లాలి.

ఆ ఏడాది ఆ గదిలోకి రెండు రొయ్యలు వచ్చాయి. గుహలోని మడుగులో దొరికాయి. కళ్లు లేవు, రంగు లేదు, తిన్నది కడుపులో కనిపించేంత పల్చన. వారం తిరక్కుండానే మగది చచ్చింది. ఎవరూ చూసేలోగా ఆడది దాన్ని సగం తినేసింది.

పరిశోధన చేస్తున్న మేడమ్‌కి గుబులు పట్టుకుంది. ఇది కొత్త జాతి అని రాయాలంటే ఒక్క రొయ్యనైనా స్పిరిట్‌లో వేసి చంపి, కాళ్లూ నోరూ విడదీసి బొమ్మలు గీయాలి. మిగిలింది ఆడదొక్కటే.

"సోమవారం దీన్ని స్పిరిట్‌లో వేసేద్దాం అక్కా."

"ముందు దాని పొట్ట కింద చూడండి మేడమ్."

మేడమ్ వంగి చూసింది. కాళ్ల మధ్య తొమ్మిది గుడ్లు.

"పొదిగేదాకా ఆగుదామండీ. కడుపుతో ఉన్నదాన్ని ఎలా..."

"అదే గుహలో ఇంకో బృందం కూడా తిరుగుతోందక్కా. వాళ్లు ముందు రాసేస్తే మన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే." మళ్లీ గుడ్లవైపు వంగి చూసి, "సరే, ఒక నెల. ఆపైన ఒక్కరోజు కూడా కుదరదు" అంది.

నెల గడిచినా గుడ్లు అలాగే ఉన్నాయి. మేడమ్ వచ్చేది, చూసేది, గడువు ఇంకో వారం జరిపి వెళ్లిపోయేది. రెండో నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోతే, సీసాలక్క వీధి చివరినుంచి బస్తాడు ఐసు మోసుకొచ్చి రొయ్య ఉన్న తొట్టి చుట్టూ పేర్చింది. అది విని ఆమె భర్త నవ్వాడు. అతను దర్జీ.

"నా టీ చల్లారిపోయినా నీకు పట్టదు గానీ, దాని నీళ్లు మాత్రం అర డిగ్రీ కదలకూడదు!"

పదకొండో వారంలో ఆ రెండో బృందం వ్యాసం వచ్చేసింది. జాతికి పేరు కూడా పెట్టేశారు. మేడమ్ ఆ కాగితాలు బల్లమీద పడేసింది.

"నీ మాట విన్నందుకు నాకు తగిన శాస్తే జరిగింది."

ఆ రోజు సీసాలక్కకు అన్నం సహించలేదు. "ఆవిడ నోటికాడి ముద్ద లాగేశాను" అంది.

భర్త సూదిలో దారం ఎక్కిస్తూ, "గడువిచ్చింది ఆవిడ, పొడిగించిందీ ఆవిడే. నువ్వేమైనా చేతులు కట్టేశావా? పొద్దున్నే వెళ్లి పని చూసుకో" అన్నాడు.

పొద్దున ఆమె వెళ్లేసరికి మేడమ్ చల్లగదిలో స్టూలు మీద కూర్చుని ఉంది.

"నాకే దాన్ని చంపడానికి చేతులు రాలేదక్కా. నెపం నీ మీద వేశాను. ఏమీ అనుకోకు."

"ఊరుకోండి మేడమ్, నీళ్లు మార్చే వేళయింది" అంది సీసాలక్క. ఇద్దరూ కలిసి మార్చారు.

పన్నెండు రోజులకు గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. ఏడు బతికాయి. భూతద్దంతో చూస్తున్న సీసాలక్క తలెత్తింది.

"వీటికి కళ్లున్నాయి మేడమ్."

"కళ్లు లేని జాతి కదక్కా ఇది."

"మరి ఈ నల్లచుక్కలేంటండీ?"

మేడమ్ చూసింది. ఒకటికి నాలుగుసార్లు చూసింది. అవి కళ్లే. పిల్లలు పెరిగేకొద్దీ ఆ చుక్కలు వెలిసిపోయి, ఆరు వారాలకు జాడ లేకుండా పోయాయి. ఆ సంగతి అవతలి బృందం రాతలో ఎక్కడా లేదు. మేడమ్ రాసింది. తన పేరు పక్కన సీసాలక్క పేరు కూడా వేసింది.

కొన్నాళ్లకు అవతలి బృందం పెద్దాయన రెండు పిల్లలు ఇమ్మని ఉత్తరం రాశాడు. మేడమ్ మూడు రోజులు సణిగి, నాలుగో రోజు ఒప్పుకుంది. సీసాలక్క వాటిని ఫ్లాస్కులో పోసి, రైల్లో దారిపొడుగునా ఒడిలోనే పెట్టుకుని తీసుకెళ్లింది.

పెద్దాయన తాను పేరు పెట్టిన రొయ్యను చూపించాడు. స్పిరిట్ సీసాలో తెల్లగా, బిర్రబిగిసి ఉంది. దాని పొట్ట కింద కూడా గుడ్లున్నాయి.

"మేం ఆగలేకపోయామమ్మా" అన్నాడాయన, సీసా వంక చూస్తూ.

సీసాలక్క ఫ్లాస్కు మూత మెల్లగా తిప్పింది.

"తొట్టి ఎక్కడుందో చూపించండి సార్. నీళ్లెలా మార్చాలో చెప్తాను."